గోడకు అటు పరుగు, ఇటు నడక

పక్కింటితో పోల్చుకోవటం మనకు ఈనాటి అలవాటు కాదు. పూర్వం నల్లా దగ్గర పోల్చుకునేవాళ్ళం. "వదినగారూ, మీకు నీళ్ళు వచ్చాయా?" అని గోడమీదుగా అడిగి, "ఓ, గంటనుంచి వస్తున్నాయి" అన్న జవాబు వింటే ప్రాణం చివుక్కుమనేది. ఇప్పుడు గోడ అదే, గొంతులు అవే. ప్రశ్న మాత్రం మారింది. "వదినా, మీకు నెట్టు వస్తోందా?" అని ఇటునుంచి ఒకరు, "ఆపా, మీ ఇంట్లో బొమ్మ ఆగిపోతోందా?" అని అటునుంచి ఒకరు.

శాలిబండలోనో, గౌలిపురాలోనో, అలీజా కోట్లలోనో రెండిళ్ళు ఊహించుకోండి. మధ్య గోడ ఒక్కటే. ఇద్దరూ నెలనెలా ఒకే చందా కడుతున్నారు. ఇద్దరిళ్ళకూ ఒకే కుర్రవాడు వచ్చి తీగ లాగి వెళ్ళాడు. అయినా ఒక ఇంట్లో అమ్మమ్మ, అమెరికాలో వున్న మనుమడితో ఎదురుగా కూర్చున్నట్లే మాట్లాడుతూ వుంటుంది. రెండవ ఇంట్లో ఆడపిల్ల, ఇంజనీరింగు కాలేజీలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవటానికి ఆఖరిరోజు సాయంత్రం, తెరమీద గిర్రున తిరిగే చక్రాన్ని చూస్తూ గుడ్లనీరు కుక్కుకుంటూ వుంటుంది. సినిమా ఆగితే రేపు చూడవచ్చు. ఆ పిల్ల సీటు రేపటిదాకా ఆగదు. అందుచేత ఇది కాలక్షేపపు సంగతి కాదు, తెలుసుకోదగ్గ సంగతి.

ఇటువంటప్పుడు అందరికీ తట్టే మొదటి అనుమానం, కేబులతనికి పక్కింటివారంటే పక్షపాతమని. రెండవ అనుమానం, పక్కింటివారే మన నెట్టు లాగేసుకుంటున్నారని. మొదటిది చాలా అరుదుగా నిజమవుతుంది. రెండవదానిలో కొంత నిజం లేకపోలేదు. అయితే మనం అనుకునే పద్ధతిలో కాదు. అసలు సంగతేమిటంటే, రెండిళ్ళూ పక్కపక్కన వున్నంతమాత్రాన వాటికి నెట్టు వచ్చే దారులు పక్కపక్కన వుండనక్కరలేదు. మీ ఇంటికి ముందు గల్లీనుంచి రావచ్చు. పక్కింటికి వెనక గల్లీ స్తంభంనుంచి రావచ్చు. ఇళ్ళ మధ్య దూరం జానెడే కావచ్చు. తీగల మధ్య దూరం కిలోమీటరు కావచ్చు.

ముందుగా, మనం డబ్బు పెట్టి కొన్నదేమిటో చూసుకుందాం. "వంద స్పీడు" అని చెప్పి ఇస్తారు. వంద అంటే సెకనుకు వంద మెగాబిట్లు. మనం సినిమానో పుస్తకమో దింపుకుంటున్నప్పుడు తెర చూపించే లెక్క చాలాసార్లు మెగాబైట్లలో వుంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే వంద మెగాబిట్ల వాడికి తెరమీద పన్నెండున్నర కనిపిస్తే అతనికి రావలసింది పూర్తిగా వచ్చినట్లే. ఇది తెలియక "వంద చెప్పి పన్నెండు ఇస్తున్నాడు" అని తగవులాడేవారు చాలామంది. ఇక "వంద వరకు" అన్నచోట ఆ "వరకు" అనే మూడక్షరాలను కూడా చదువుకోవాలి. చీరెల దుకాణంలో "యాభైశాతం వరకు తగ్గింపు" అంటే ఏమిటో మన ఇళ్ళలో ఆడవారికి చెప్పనక్కరలేదు గదా!

చందా ఒకటే అయినా సరుకు ఒకటే కాకపోవచ్చు. నాలుగేళ్ళ క్రితం చేరినవారు పాత పథకంలోనే వుండిపోతారు. నిన్నగాక మొన్న చేరినవారికి అదే డబ్బుకు ఎక్కువ వేగం దొరుకుతుంది. పాతవారిని పిలిచి, "మీకూ పెంచుతాం రండి" అనే వ్యాపారులు తక్కువ. కొన్ని పథకాలలో మరొక మెలిక వుంటుంది. నెలకు ఇన్ని గిగాబైట్లు దాటితే ఆపైన వేగం తగ్గిపోతుంది. ముగ్గురు మగపిల్లలూ, ఒక పెద్ద టెలివిజనూ వున్న ఇంట్లో ఇరవయ్యో తారీఖుకే ఆ లెక్క పూర్తికావచ్చు. జీతం డబ్బులు అయిపోయే తారీఖే డేటా అయిపోయే తారీఖు కూడా అవుతుంది. గోడకవతల వృద్ధ దంపతులకు నెలాఖరుదాకా ఢోకా వుండదు.

ఇప్పుడు తీగ సంగతికి వద్దాం. మనదేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పట్లో అది టెలిఫోను తీగమీద కీచుకీచుమంటూ వచ్చేది. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లు వుంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండు అనవచ్చునన్నది. 2013లో ఆ గీతను 512కు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఈ మధ్యలోనే, 2017లో, మన హైదరాబాదులో యాక్ట్ ఫైబర్‌నెట్ సంస్థ సెకనుకు ఒక గిగాబిట్, అంటే వేయి మెగాబిట్ల పథకం ఆరంభించింది. 2004 నాటి గీతకు అది దాదాపు నాలుగువేల రెట్లు. ఒకే ఊళ్ళో ఇంత ఎత్తూ ఇంత పల్లమూ వున్నప్పుడు, ఒకే గల్లీలో హెచ్చుతగ్గులుంటే వింతేమున్నది?

రాగితీగ రోజులలో ఈ హెచ్చుతగ్గులకు కారణం స్పష్టంగా వుండేది. రాగిమీద సందేశం విద్యుత్తు అలలుగా ప్రయాణిస్తుంది. వేగం పెంచాలంటే త్వరత్వరగా కదిలే అలలు కావాలి. అటువంటి అలలే రాగిలో తొందరగా నీరసించిపోతాయి. అందుచేత టెలిఫోను ఎక్స్ఛేంజికి దగ్గరున్న ఇంటికి ఎనిమిది మెగాబిట్ల దాకా అందే పద్ధతిలోనే, నాలుగైదు కిలోమీటర్ల దూరాన వున్న ఇంటికి ఒకటో రెండో మిగిలేవి. ఈ దూరాన్ని కాకి ఎగిరే దారిన కాక, తీగ తిరిగిన దారిన లెక్కపెట్టాలి. పాతబస్తీలో ఒక తీగ చార్ కమాన్ దగ్గర మలుపు తిరిగి, నాలుగు గల్లీలు చుట్టి వస్తే, పక్కింటి తీగ సూటిగా రావచ్చు. దానికి తోడు అతుకులు. అతుకులో వాననీరు చేరి చిలుము పట్టిందంటే, ఆషాఢంలో ఒక వేగం, మాఘంలో ఒక వేగం. ఇప్పటికీ రాగితీగమీద నెట్టు వాడేవారు ఎవరైనా వుంటే, వారి కథ ఇదే.

తరవాత కేబులు టీవీ కుర్రవాళ్ళ రోజులు వచ్చాయి. డాబాల మీదుగా, పిట్టగోడల మీదుగా నీలం రంగు తీగలు పాకాయి. ఈ తీగకు ఒక నియమం వున్నది. ఒక పెట్టెనుంచి మరొక పెట్టెకు నూరు మీటర్లకు మించి లాగకూడదు. నూరు దాటితే మధ్యలో మరొక పెట్టె పెట్టాలి. ఆ పెట్టె ఎవరి డాబామీద వుంటే, వారింట్లో కరెంటు పోతే వీధిలో సగంమందికి నెట్టు పోతుంది. వేసవి ఎండకు ఆ పెట్టె వేడెక్కి మొరాయిస్తుంది.

ఈ తీగలోనే మరొక చిన్న రహస్యం వున్నది. దాని లోపల ఎనిమిది సన్నని తీగలు, నాలుగు జతలుగా, జడల్లా మెలివేసి వుంటాయి. వంద మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు. వేయి మెగాబిట్ల వేగానికి నాలుగు జతలూ కావాలి. వందకు అక్కరలేని ఆ తక్కిన రెండు జతలలో ఒక్క తీగ తెగినా, చివరి బిళ్ళలో సరిగా కూర్చోకపోయినా, నెట్టు సాధారణంగా ఆగిపోదు. చెప్పకుండా వంద మెట్టుకు దిగిపోతుంది. మూడువందల పథకం తీసుకుని, ఎన్నిసార్లు కొలిచినా తొంభైనాలుగు దగ్గరే ఆగిపోతున్న ఇల్లు మీ ఎరుకలో వుంటే, కంపెనీని తిట్టేముందు ఆ తీగ మార్పించమనండి. కొద్దిపాటి ఖర్చుతో పోయే జబ్బు అది. పక్కింటి తీగ బాగుంటే వారికి మూడువందలూ వస్తాయి, మీకు తొంభైనాలుగే వస్తాయి. పక్షపాతం ఎక్కడ వున్నది? ఒక్క తెగిన పోగులో వున్నది.

ఈనాటి ఇళ్ళకు వస్తున్నది చాలావరకు గాజుతీగ, ఫైబరు. వెలుతురు మీద మాటను పంపవచ్చునని గ్రాహంబెల్ 1880లోనే చేసి చూపించాడు. గాజుపోగు లోపల వెలుతురు వంగి ప్రయాణించగలదని 1954లో నిరూపించినవారిలో మన పంజాబునుంచి వెళ్ళిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. ఇక 1966లో చార్లెస్ కావో, గాజు మలినం లేకుండా తయారైతే కిలోమీటర్ల దూరం సందేశాలు పంపవచ్చునని లెక్కగట్టి చెప్పాడు. అందుకు ఆయనకు 2009లో నోబెల్ బహుమానం వచ్చింది. నలభైమూడు సంవత్సరాలు పట్టింది పాపం! ఆ లోపలే ఆయన చెప్పిన గాజు ప్రపంచాన్ని చుట్టేసింది.

అయితే కంపెనీ ప్రతి ఇంటికీ ఒక విడి పోగు వెయ్యదు, గిట్టుబాటు కాదు. ఒక్క పోగును మొహల్లాదాకా తెచ్చి, అక్కడ స్ప్లిట్టరు అనే చిన్న డబ్బాలో దాని వెలుతురును పంచుతుంది. సాధారణంగా ముప్ఫైరెండు ఇళ్ళకు, ఒక్కోచోట అరవైనాలుగు ఇళ్ళకు. ఒక్క దీపం వెలుతురును ముప్ఫైరెండు వాటాలు వేస్తే, ఇంటికి నూటికి మూడు పాళ్ళు అందుతుంది. ఆ మూడు పాళ్ళతోనే పని నడుస్తుంది. మన ఇంట్లో వున్న డబ్బా మిల్లీవాటులో అయిదువందలో వంతు వెలుతురును కూడా చదువుకోగలదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రాగిలో సందేశం నీరసిస్తే వేగం మెల్లమెల్లగా తగ్గుతుంది. గాజులో అలా కాదు. వెలుతురు సరిపోయినంతవరకు వేగం పూర్తిగా వుంటుంది. సరిపోకపోతే తప్పులు దొర్లి, నెట్టు వస్తూ పోతూ వుంటుంది, లేదా డబ్బామీద ఎర్రదీపం వెలిగి పూర్తిగా ఆగిపోతుంది. గాజుపోగును మేకుకు చుట్టి బిగించినా, తలుపు సందున నొక్కినా, మలుపులోనుంచి వెలుతురు బయటికి జారిపోతుంది. కనుక ఫైబరు వున్న ఇంట్లో నెట్టు మినుకుమినుకుమంటూ వుంటే తీగను చూడాలి. మినుకుమనకుండా రోజంతా మందకొడిగానే వుంటే లోపం వేరొకచోట వున్నదన్నమాట.

ఆ వేరొకచోటు ఏది? ఒకటి, వాటాల లెక్క. వాడుకలో వున్న పద్ధతులలో ఒకదానిలో, ఆ ముప్ఫైరెండిళ్ళకూ కలిపి దింపుకోవటానికి వచ్చే వేగం దాదాపు రెండువేల అయిదువందల మెగాబిట్లు. ముప్ఫైరెండుగురూ ఒకేసారి పూర్తిగా లాగితే తలకు డెబ్భైఎనిమిది కూడా రాదు. కాని అందరూ ఒకేసారి లాగరు. ఒకరు వంటచేస్తూ వుంటారు, ఒకరు నమాజుకు వెళతారు, ఒకరు దుకాణంలో వుంటారు. ఆ ధైర్యంతోనే కంపెనీ తనవద్ద వున్నదానికంటె ఎక్కువ వేగం అమ్ముతుంది. ఇది మోసం కాదు. పెళ్ళిలో అయిదువందలమందికి నూరు విస్తళ్ళ బంతులు వేసినట్లు. అందరూ ఒకే బంతిలో కూర్చోవాలంటేనే చిక్కు. రాత్రి తొమ్మిదింటికి వీధివీధంతా ఒకే బంతికి వస్తుంది. మీ ఇల్లు నిండిన స్ప్లిట్టరు కింద, పక్కిల్లు వెనక గల్లీలో సగం ఖాళీగా వున్న స్ప్లిట్టరు కింద వుంటే, తొమ్మిదింటికి వారి పరుగూ మీ నడకా తేలిపోతాయి. నల్లాకు పక్కింటివారు మోటారు బిగిస్తే మన బిందె నిండటం ఆలస్యమైనట్లే ఇది. పక్కింటివారు మన నెట్టు లాగుతున్నారన్న అనుమానంలో నిజం ఈ మాత్రమే.

వేరొకచోటు రెండవది, మన ఇల్లే. నెట్టు గుమ్మందాకా వేగంగా వచ్చి, గుమ్మం దాటాక కుంటటం చాలా ఇళ్ళలో జరిగేపని. గుమ్మంనుంచి మన చేతిలో ఫోనుదాకా దాన్ని మోసేది వై-ఫై, అంటే రేడియో అల. 1591లో చార్మినారు కట్టిన ఊరు మనది. గచ్చూ, డంగుసున్నమూ, రాయీ కలిపి మూరెడు మందాన గోడలు లేపిన పాత దేవిళ్ళు ఇంకా అక్కడక్కడ నిలిచే వున్నాయి. మే నెల ఎండను ఆపిన ఆ గోడలే రేడియో అలను కూడా ఆపుతాయి. ఎండకు చల్లగా వున్నదని మెచ్చుకున్న గదిలోనే నెట్టు రాదు. పక్కన పాతిల్లు పడగొట్టి సన్నని ఇటుక గోడలతో కట్టిన మూడంతస్తుల ఇంట్లో మూలమూలకూ వస్తుంది. తడిసిన గోడ మరీ అడ్డం, ఎందుకంటే ఈ అలలను నీరు పీల్చుకుంటుంది. రేకులూ, ఇనుప బీరువాలూ, వెనకపూత వున్న పెద్ద అద్దాలూ అలలను తిప్పికొడతాయి.

వై-ఫైకి సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జు, గోడలను కొంత బాగా దాటుతుంది గాని ఇరుకు. రెండవది 5 గిగాహెర్ట్జు. విశాలం, వేగం, కాని గోడంటే భయం. ఇరుకు దారిలో ఒకదానికొకటి తగలకుండా నడిచే వరసలు మూడే. గల్లీలో ఇరవై ఇళ్ళుంటే, ఇరవై డబ్బాలూ ఆ మూడు వరసల్లోనే దూరాలి. ఒక వరసలో ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, తక్కినవారు ఆగాలి. మైక్రోవేవు పొయ్యి కూడా ఆ సమీపంలోనే కూత పెడుతుంది. గోడలు ఆనుకుని వున్న పాతబస్తీలో ఈ తోపులాట, ఇంటికీ ఇంటికీ నడుమ తోటలున్న పేటలలోకంటె ఎక్కువ. ఇక ఆ డబ్బా ఎక్కడ పెడతాం? కుర్రవాడు కన్నం పొడిచినచోట. అది వీధి గుమ్మం పైన కావచ్చు, మెట్లకింద కావచ్చు. పైగా అందం చెడిపోతుందని దాన్ని బీరువా వెనక దాస్తారు. దీపాన్ని బీరువాలో పెట్టి ఇల్లంతా చీకటిగా వున్నదంటే ఎవరేం చెయ్యగలరు?

మరి లోపం ఎక్కడున్నదో కనుక్కోవటం ఎలా? ఒక సులువైన సూత్రం గుర్తుంచుకోండి. రెండిళ్ళకూ ఒక్కసారే మందగిస్తే దూరంగా వెతకాలి. ఒక్కరికే మందగిస్తే దగ్గరగా వెతకాలి. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రం అడుగున తీగలు తెగినప్పుడు, మనదేశంలో ఎందరికో విదేశీ సైట్లు నెమ్మదించాయి. హైదరాబాదుకు సముద్రం లేకపోయినా, బొంబాయి, మద్రాసు తీరాలలో ఒడ్డెక్కే తీగలే మనకూ ఆధారం. అటువంటప్పుడు పక్కింటివారిని అడిగితే వారూ మనలాగే బాధపడుతూ వుంటారు. అడిగితే "మాకు బాగానే వున్నది" అన్నారా, లోపం మీ ఇంటినుంచి మీ స్ప్లిట్టరు దాకా వున్న నాలుగడుగుల్లోనే వున్నదనుకోండి.

తరవాత కొలవండి. ముందు రౌటరునుంచి తీగతో కంప్యూటరుకు కలిపి కొలవాలి. తరవాత వై-ఫై మీద. తీగమీద పూర్తిగా వచ్చి, వై-ఫై మీద రాకపోతే, కంపెనీ తప్పేమీ లేదు. డబ్బాను ఇంటి నడిమధ్యకు, తలెత్తునకు మార్చండి. మందపు గోడల ఇల్లయితే రెండవ గదిదాకా తీగ లాగి అక్కడ మరొక డబ్బా పెట్టించటమే దారి. తీగమీద కూడా రాకపోతే, పొద్దున్న ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ, మూడు రోజులపాటు కొలిచి కాగితంమీద రాసుకోండి. రాత్రి మాత్రమే పడిపోతే రద్దీ. ఎప్పుడూ ఒకే అంకె దగ్గర ఆగితే తీగో, డబ్బాయో, పథకమో. పాత ఫోనుతో కొలిచి నిర్ణయానికి రావద్దు; అయిదారేళ్ళ నాటి చవక ఫోను తన శక్తికి మించి మింగలేదు. వీలైతే అదే ఫోను పట్టుకుని పక్కింటికి వెళ్ళి అక్కడా కొలవండి. అలా వెళ్ళినందుకు ఒక కప్పు చాయ్ కూడా దొరకవచ్చు.

ఆ కాగితం చేతిలో వుంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో చేసిన నిబంధనలలో, కంపెనీ కేంద్రంనుంచి ఇంటిదాకా, కొన్న వేగంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా అందాలన్నారు. 2024లో వాటి స్థానంలో సేవల నాణ్యతకు కొత్త నిబంధనలు తెచ్చారు. ట్రాయ్ వ్యక్తుల తగవులు నేరుగా తీర్చదు. 2012 నాటి ఏర్పాటు ప్రకారం మొదట కంపెనీకే ఫిర్యాదు చేసి, దాని సంఖ్య పుచ్చుకోవాలి. పని జరగకపోతే ఆ కంపెనీలోనే వుండే అప్పీలు అధికారికి రాసుకోవాలి. "నెట్టు బాగా రావటం లేదు" అంటే ఎవరికీ పట్టదు. "మూడు రోజులూ రాత్రి తొమ్మిదింటికి తీగమీద కొలిస్తే వందలో ఇరవైరెండు వచ్చింది" అంటే జవాబు చెప్పక తప్పదు.

ఇంతవరకూ చెప్పినవి మన చేతిలో వున్నవి. చేతిలో లేనిది ఒకటున్నది: తలమీద వేలాడే తీగలు. 1998లో సైబర్ టవర్స్ ఆరంభమైన మాదాపూర్ వైపు విశాలమైన రోడ్లు, వాటి కింద తవ్వుకోవటానికి చోటూ వున్నాయి. నాలుగువందల ఏళ్ళ గల్లీలో మంచినీటి గొట్టం, మురుగు గొట్టం, పాత పునాదులు, వాటిపైన మనుషులు. తవ్వటానికి చోటు లేక, తీగలు కరెంటు స్తంభాలమీద గుత్తులుగుత్తులుగా వేలాడుతూ వచ్చాయి. ఎవరి తీగ ఎవరిదో, ఏది బతికున్నదో ఏది చచ్చినదో, వేసినవారికే తెలియని గందరగోళం. ఒకరి తీగ బాగుచెయ్యటానికి ఎక్కినవాడు ఇంకొకరిది తెంపి దిగుతాడు. పక్కింటికి నెట్టు వచ్చిన పూటే మనింటికి పోవటానికి ఇదీ ఒక కారణమే.

2025 ఆగస్టు 17 రాత్రి రామంతపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి అయిదుగురు మరణించారు. ఆ వెంటనే పాతబస్తీ వైపు బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తూ వుండగా మరి ఇద్దరు పోయారు. దానిమీద విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలమీది కేబుళ్ళను ఎక్కడికక్కడ కోయించటం మొదలుపెట్టింది. నగరంలో ఎన్నో ఇళ్ళకు నెట్టు ఆగిపోయింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. ఏది అనుమతి వున్న తీగ, ఏది లేనిది అన్న ప్రశ్న అప్పుడు పైకి వచ్చింది. ఆ రోజుల్లో ఒకింటికి నెట్టు వుండి పక్కింటికి లేకపోయిందంటే, అందుకు కారణం ఏ విజ్ఞాన గ్రంథంలోనూ దొరకదు. ఒకరి తీగ కోసిన స్తంభంమీద వున్నది, ఒకరిది కోయని స్తంభంమీద వున్నది, అంతే.

పోయిన ప్రాణాల ముందు నెట్టు ఎంత? ఎవరూ కాదనరు. కాని ఆ పూట ఇంటినుంచే ఉద్యోగం చేసుకునే కోడలూ, లాడ్‌బజారు గాజులను వీడియోలో చూపించి ఊరవతలి బేరగాళ్ళకు అమ్ముకునే వ్యాపారీ, పరీక్ష ఫారం నింపుకునే పిల్లా కూడా నిజమైన మనుషులే. ప్రాణానికీ పనికీ పోటీ పెట్టవలసిన అవసరం రాకుండా చూడటమే పరిపాలన అనిపించుకుంటుంది. ఒక గల్లీకి ఒక్క గొట్టం వేసి, అన్ని కంపెనీల తీగలూ అందులోనుంచే పంపితే తవ్వకం ఒక్కసారితో పోతుంది. ఆ పని కంపెనీలు తమంతట తాము చెయ్యవు. గల్లీవాళ్ళు అడగాలి, నగరపాలకులు చేయించాలి.

అడగటానికి ముందు ఇంకొక మాట. ఒకే గోడకు ఇరువైపులా వున్నవారిలో ఒకరు సొంతింటివారు, ఒకరు అద్దెవారు అయినప్పుడు, సొంతింటివారు కన్నం పొడిపించుకుని ఫైబరు తెచ్చుకుంటారు. అద్దెవారు యజమాని ఒప్పుకోక ఫోనులోని సిగ్నలుతో సరిపెట్టుకుంటారు. ఏ కొలతపరికరమూ చూపించని హెచ్చుతగ్గు అది. ఇంటి యజమానులు ఇంత కన్నానికి అడ్డుచెప్పకుండా వుంటే, గోడ ఏమీ కూలిపోదు. లోపల ఒక పిల్ల చదువు నిలబడుతుంది. వెబ్ ఆప్షన్ల ఆఖరిరోజున ఆ పిల్ల మీ తలుపు తడితే, పాస్‌వర్డు చెప్పి లోపల కూర్చోబెట్టండి. మంచినీళ్ళ బిందెకు లేదనలేదు గదా, దీనికి మాత్రం లేదనటమెందుకు?